హిల్డమ్మగారు ఇల్లు వెతికిన ఏడు

ఏలూరు మిషను ఆసుపత్రిలో పెద్ద నర్సుగా చేసిన హిల్డా దొరసానికి ఉద్యోగం అయిపోవచ్చిందంటే ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. తల ముగ్గుబుట్ట అయింది, మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తున్నాయి, ఇక ఆవిడ కెనడా వెళ్లిపోయి తమ్ముడి పిల్లల మధ్య కాలక్షేపం చేసుకుంటారనుకున్నారు. అంతకుముందు వచ్చిన దొరసానులందరూ చేసింది అదే. ఒక దండ, ఒక పాట, ఒక ఫొటో, స్టేషన్లో కాసేపు ఏడుపు.

అలాంటిది హిల్డమ్మగారు, "నేను వెళ్లనండీ. ఇక్కడే ఎక్కడో చిన్న ఇల్లు చూసుకుని ఉంటాను" అన్నారు.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన రెండో వేసవి అది. తెల్లదొరలు పెట్టేబేడా సర్దుకుని పోయి ఏళ్లు గడిచాక ఈవిడ ఉండిపోతాననడమేమిటని కాఫీ హోటళ్లలో, కాలవ రేవుల్లో ఒకటే చర్చ. అక్కడ ఆస్తి తగాదా ఉందిట అన్నవాళ్లు కొందరు. ఆ దేశపు చలికి ముసలివాళ్లు నిలవరుట అన్నవాళ్లు కొందరు. వయసులో ఉండగా ఎవరో కలెక్టరు ఆవిడని పెళ్లాడతానని మాటిచ్చి చచ్చిపోయాడనీ, ఆయన సమాధి ఇక్కడే ఉందనీ ఒక ప్లీడరుగారి గుమాస్తా కనిపెట్టాడు. అసలు సంగతి తెలియకపోతేనే మనవాళ్లకి కబుర్లు బాగా సాగుతాయి.

మిషను పెద్దలు తలలు పట్టుకున్నారు. రిటైరైనవాళ్లు స్వదేశం వెళ్లిపోవాలన్నది వాళ్ల నియమం. చివరికి ఒక మెలిక పెట్టి ఒప్పుకున్నారు. ఆగస్టు వచ్చేలోగా కుదురైన ఇల్లు, మంచీచెడ్డా చూసే ఇరుగుపొరుగు దొరికితే సరే. దొరక్కపోతే బొంబాయి వెళ్లి ఓడ ఎక్కాలి. ఓడలో చోటు కూడా చెప్పి ఉంచారు.

ఊరికి ఇదంతా కాలక్షేపం. సారమ్మకి మాత్రం ప్రాణం మీదికి వచ్చిన సంగతి.

సారమ్మ హిల్డమ్మగారి దగ్గరే నర్సు పని నేర్చుకుంది. పెళ్లయిన కొత్తల్లోనే భర్త పోతే, తలవంచుకుని ఆసుపత్రి గేటులోకి వచ్చిన పిల్ల, ఇవాళ తనూ పని మానుకునే వయసుకి వచ్చింది. ఇన్నేళ్లలో హిల్డమ్మగారి కనుసైగ చూసి కత్తెర అందించడం, అడుగుల చప్పుడు విని ఆవిడ కోపంగా ఉన్నారో సంతోషంగా ఉన్నారో చెప్పడం అలవాటైపోయింది. ఆవిడ వెళ్లిపోతే తనేమైపోతుందో తలుచుకోవడానికే సారమ్మకి భయం. ఆ భయం పైకి చెప్పదు. ఒకరిని ఏదైనా అడగడమంటే సారమ్మకి చచ్చేంత మొహమాటం. అన్నకొడుకు యోసేపు ఇంట్లో ఒక గదిలో ఉంటూ, మంచినీళ్లు కూడా తనే ముంచుకుని తాగే మనిషి. ఇంకో గుణం కూడా ఉంది. ఏదైనా సంగతి అంతుపట్టకపోతే అన్నం సహించదు. ఏ పిల్లాడికైనా జ్వరమొస్తే ఎందుకొచ్చిందో తేలేదాకా వాడినీ, వాళ్లమ్మనీ, పెరట్లో మేక ఏం తిందో దాన్నీ వదిలేది కాదు.

అందుకని ఇల్లు వెతికే పని తనే నెత్తినేసుకుంది. యోసేపు ఇంటి పక్కనే పెంకుటిల్లు ఖాళీగా ఉంది. వెనక నుయ్యి, ముందు మల్లెపందిరి, నాలుగడుగులేస్తే చర్చి. ఇంతకంటే ఏం కావాలి? గోడకి అవతల తనే ఉంటుంది. సున్నం వేయించి, కిటికీలు కడిగించి, హిల్డమ్మగారిని తీసుకొచ్చి చూపించింది.

"ఓ పదిరోజులు ఉండి చూస్తాను సారమ్మా. ఏ ఇల్లయినా ఉండి చూడకుండా చెప్పలేను" అన్నారావిడ.

ఆ పదిరోజులూ పేట పేటంతా కదిలొచ్చింది. ఆడపిల్లల బడి పంతులమ్మ దేవకుమారి అరటిగెల తెచ్చింది. పాదిరిగారి భార్య వరమ్మ కోడిపెట్టని కాళ్లు కట్టి మరీ తెచ్చింది. పిల్లలు వరుసగా నిలబడి పాటలు పాడారు. హిల్డమ్మగారు అందరికీ కుర్చీలు వేశారు, ఎవరూ కూర్చోలేదు. పదిరోజులూ గడిచాక ఆవిడ సామాను సర్దుకుంటూ, "ఇది కాదు సారమ్మా" అన్నారు. ఏం లోటొచ్చిందంటే ఏమీ లేదన్నారు.

సారమ్మకి ఆ పూట అన్నం సహించలేదు. నుయ్యి ఉప్పనేమో అని తాగి చూసింది. తియ్యగానే ఉంది. ఇంట్లో ఏ పురుగైనా తిరిగిందేమో అని దూలాలు కూడా వెతికింది. ఏమీ కనబడలేదు.

రెండోది తాడేపల్లిగూడెం. అక్కడ సూర్యప్రకాశరావుగారికి బియ్యం మిల్లు ఉంది. ఆయన భార్య కాంతం కష్టకాన్పులో ఉన్నప్పుడు తల్లినీ పిల్లనీ దక్కించింది హిల్డమ్మగారే. అందుకని ఆయన మేడమీది గదులు ఇచ్చి, కరెంటు పంకా పెట్టించి, స్టేషన్‌కి తనే ఎదురొచ్చాడు. సారమ్మ కూడా వెంట వెళ్లింది.

అక్కడి మర్యాద మామూలు మర్యాద కాదు. పొద్దున్నే వెండి గ్లాసులో కాఫీ పైకి వచ్చేది. ఆ గ్లాసు హిల్డమ్మగారి కోసం వేరే పెట్టిందని సారమ్మ రెండోరోజే పసిగట్టింది. హిల్డమ్మగారు ఒకనాడు తనే పులిహోర కలిపి, కిందికి తీసుకెళ్లి కాంతానికి ఇచ్చారు. కాంతం రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, "ఎంత భాగ్యమండీ" అంది. సాయంత్రం ఆ పులిహోర దొడ్లో గేదె తింటుంటే మేడమీంచి ఇద్దరూ చూశారు. కాంతం మంచి మనిషే. దొరసాని కోసం ప్రాణమైనా ఇస్తుంది. ఆవిడ చేతి వంట మాత్రం తినదు. ఈ దేశంలో గౌరవానికీ అన్నానికీ మధ్య పెద్ద గోడే ఉందని మనకి తెలియదూ!

"ఇదీ కాదు" అన్నారు హిల్డమ్మగారు.

తిరుగు బస్సు ఉంగుటూరు దగ్గర ఆగింది. ఇంజను పొగలు కక్కుతుంటే డ్రైవరు కాలవలోంచి నీళ్లు తెచ్చి పోస్తున్నాడు. జనం దిగి తుమ్మచెట్ల నీడన నిలబడ్డారు. సారమ్మ ఇక పట్టలేకపోయింది.

"ఏవండీ అమ్మగారూ, జూన్ దాటిపోతోంది. అసలు మీరు ఇంట్లో ఏం చూస్తున్నారో చెప్పండి. నుయ్యా? గాలా? నాకు తలనొప్పి వచ్చేస్తోందండీ."

హిల్డమ్మగారు నవ్వి ఎదురు ప్రశ్న వేశారు. "మీ ఇంటికి ఇరుగమ్మా పొరుగమ్మా ఎందుకొస్తారు సారమ్మా?"

"ఎందుకేంటండీ, వస్తారు. నిప్పు కోసం వస్తారు. చింతపండుకొస్తారు. రోకలి పట్టుకుపోతారు, తేరు. మా కోడి వాళ్లింట్లో గుడ్డు పెట్టిందని దెబ్బలాడ్డానికి మేం వెళ్తాం."

"మరి మా ఇంటికి?"

"మిమ్మల్ని చూడ్డానికండీ."

అనేశాక సారమ్మకి తనన్న మాట తనకే చురుక్కుమంది. హిల్డమ్మగారు కాలవకేసి చూస్తూ నెమ్మదిగా చెప్పారు. "ఈ దేశంలో నాకు అందరూ ఇస్తారు. లేకపోతే మందు అడుగుతారు, సిఫార్సు అడుగుతారు. ఇన్నేళ్లలో ఒక్కళ్లు కూడా గరిటెడు మజ్జిగ బదులడగలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఫర్వాలేదు, పని ఉండేది. ఇప్పుడు ముసలిదాన్ని. ముసలితనమంతా ఎవరింటికో చుట్టపుచూపుకొచ్చినట్టు బతకలేను సారమ్మా. దానికంటే కెనడాయే నయం."

సారమ్మ దారి పొడుగునా ఆలోచించింది. ఏలూరులో బస్సు దిగేసరికి ఉపాయం తట్టేసింది. ఇంతేనా! బదులడిగేవాళ్లు లేకపోవడమే లోటైతే, ఆ లోటు తీర్చడం ఎంతసేపు? హిల్డమ్మగారిని బతిమాలి మళ్లీ ఆ పెంకుటింట్లోనే ఇంకో నాలుగు రోజులు ఉండమంది. ఆ సాయంత్రమే పేటలో గడపగడపా ఎక్కి, "పొద్దున్నే వెళ్లి ఏదో ఒకటి బదులడగండి, మామూలుగా అడగండి" అని చెప్పొచ్చింది.

మర్నాడు తెల్లవారేసరికి హిల్డమ్మగారి గుమ్మం ముందు పెళ్లివారొచ్చినట్టుంది. దేవకుమారి తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, కొత్త మట్టిమూకుడు పట్టుకుని నిప్పు కోసం నిలబడింది. వరమ్మ ఉప్పు కోసం ఇత్తడి పళ్లెం తోమించి తెచ్చింది, పళ్లెం మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పింది. ఒకాయన రోకలి అడగడానికి కోటు వేసుకొచ్చాడు. ఒక్కొక్కళ్లే ముందుకొచ్చి, నమస్కారం పెట్టి, "తమరికి అభ్యంతరం లేకపోతే చిటికెడు..." అని అడగడం, రెండు చేతులా పుచ్చుకుని వెనక్కి నడవడం. సారమ్మ గోడ పక్క నుంచి చూసి, బాగానే జరుగుతోందనుకుంది.

సాయంత్రానికి అసలు సంగతి బయటపడింది. బదులడగమని చెప్పింది గాని, తిరిగి ఇవ్వొద్దని చెప్పలేదు. దొరసానిగారి సొమ్ము ఉంచుకుంటారా ఎవరైనా? చిటికెడు ఉప్పు పట్టుకెళ్లిన వరమ్మ తవ్వెడు తెచ్చింది. చింతపండు పట్టుకెళ్లినవాళ్లు బుట్టెడు తెచ్చారు. రోకలి పట్టుకెళ్లినాయన దాని అడుక్కి కొత్త ఇనప పొన్ను వేయించి, నూనె రాసి తెచ్చాడు. అందరికంటే వెనక దేవకుమారి వచ్చింది, మూకుడు నిండా ఎర్రటి నిప్పులతో. పొద్దున తీసుకెళ్లిన నిప్పు తిరిగి ఇవ్వడానికి.

ప్రపంచంలో నిప్పు బదులు తీర్చినవాళ్లు అదివరకు లేరు, ఇకముందు ఉండరు.

హిల్డమ్మగారు మొదట నవ్వారు. నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు తిరిగాయి. దేవకుమారి వెళ్లాక ఆ కళ్లనీళ్లు నవ్వువి కాకుండా పోయాయి. "నువ్వే చెప్పావు కదూ?" అన్నారు. సారమ్మ తలొంచుకుంది. "అంతమందిని పంపావు. నువ్వెందుకు రాలేదు మరి?"

"నాకేం లోటండీ" అంది సారమ్మ. అది నిజమేననుకుంది కూడా.

జూలై సగం గడిచిపోయింది. బొంబాయి ప్రయాణానికి పెట్టెలు దించి దులిపారు. అలాంటప్పుడు పెద్దింటమ్మ అనే కొల్లేటి ముసలావిడ కంటి మందు కోసం ఆసుపత్రికి వచ్చింది. కొల్లేరు లోపల లంకల్లో చేపలు పట్టుకునేవాళ్ల మనిషి, హిల్డమ్మగారికంటే పదేళ్లు పెద్ద. దొరసాని ఇల్లు వెతుకుతోందని వరండాలో ఎవరో అంటే విని, తిన్నగా లోపలికి వచ్చేసింది.

"దొరసానీ, మా లంకలో ఇల్లుంది, దిబ్బ మీద. మా ఆడపడుచుది, అది పోయింది. ఉంటావా? ఊరికే కాదు. ఆ ఇంట్లో ఉన్నవాళ్లు నిప్పు చూడాలి."

సారమ్మకి 'ఉంటావా' అన్న మాట దగ్గరే ఒళ్లు మండింది. హిల్డమ్మగారు మాత్రం కుర్చీలో ముందుకి జరిగారు. "నిప్పు చూడ్డమంటే ఏంటి?"

పెద్దింటమ్మ చెప్పింది. వానాకాలం కొల్లేరు పొంగితే లంకలో నీళ్లు గడపలదాకా వస్తాయి. పొయ్యిలు తడిసిపోతాయి, అగ్గిపెట్టెలు మెత్తబడి గీస్తే మందు రాలిపోతుంది. అందుకని అందరికంటే ఎత్తున ఉన్న దిబ్బ ఇంట్లో, వానలు మొదలైన దగ్గర్నుంచి నీరు తగ్గేదాకా, ఊకకుంపటి ఆరకుండా కాపాడతారు. లంకంతా అక్కడికే వచ్చి నిప్పు పట్టుకుపోతుంది. నిరుడు ఆడపడుచు పోయాక చూసేవాళ్లు లేరు. వరద రోజుల్లో పిల్లలకి గంజి కాయడానికి లేక నానబెట్టిన అటుకులు పెట్టారు.

"మేం క్రైస్తవులం. మా పొయ్యిలో నిప్పు మీవాళ్లు పట్టుకెళ్తారా?" అని సారమ్మ కొంచెం ఘాటుగానే అడిగింది. తాడేపల్లిగూడెం పులిహోర ఇంకా మనసులోంచి పోలేదు.

"నీళ్లు గడప దగ్గరికొచ్చాక ఎవరి నిప్పని చూస్తామా నర్సమ్మా? మండుతోందా లేదా అని చూస్తాం" అంది పెద్దింటమ్మ.

మూడోరోజున ఇద్దరూ బండిలో కొల్లేటి గట్టుదాకా, అక్కడినుంచి రెండు తాటిబొదెలు తొలిచి జతకట్టిన దోనెలో లంకకి. పెద్దింటమ్మ కొడుకు సత్తిరాజు వెదురు గెడతో దోనె తోశాడు. రెల్లుగడ్డి మధ్య సన్నటి నీటిదారులు, ఎక్కడ మలుపు తిరుగుతాయో అంతుపట్టవు. దిబ్బ మీద ఇల్లు తాటాకుది, రెండు గదులు. మొదటి గదిలో నేలలోకి సగం పాతిన పెద్ద కుండలో ఊకకుంపటి. పైకి చూస్తే బూడిద, లోపల నిప్పు.

ఆ లంకలో ఎవరూ పండ్లు తేలేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే పని చూసుకున్నారు. పెద్దింటమ్మ అడక్కుండానే చేపలు ఎండబెట్టే చాప తెచ్చి హిల్డమ్మగారి అరుగు మీద పరిచేసింది. గంగరాజనే ముసలాయన తాడు పేనుతూ వచ్చి, "ఈ కొస పట్టుకో" అని ఆవిడ చేతికిచ్చి గుమ్మందాకా నడిచాడు. సారమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. కొస పట్టుకున్న దొరసాని మాత్రం బిగించి లాగుతున్నారు.

నాలుగోనాటికి ముసురు పట్టింది. ఆ రాత్రి కుంపటి చూసుకుంటానని హిల్డమ్మగారు పట్టుబట్టి, సారమ్మని పడుకోమన్నారు. తెల్లారి సత్తిరాజు భార్య నాగమణి పెంకుముక్క పట్టుకుని వచ్చి ఊక కదిపి చూస్తే, లోపలంతా నల్లగా చల్లగా ఉంది. తడి పిడక పెట్టి, పక్కనే కునికిపాట్లు పడుతున్నారు హిల్డమ్మగారు.

పెద్దింటమ్మ వానలోనే దిబ్బెక్కి వచ్చింది. ఇక ఆ తిట్లు! "తడి పిడక పెడతారా ఎవరైనా? కళ్లున్నాయా లేవా? చంటిపిల్ల తల్లి చన్నీళ్లు తాగాలా నీ మూలంగా? చేతకాకపోతే చేతకాదని చెప్పాలి గాని, పెద్ద చూసేదానిలా కూర్చుంటే సరా?"

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా!" అని సారమ్మ పెద్దింటమ్మ మీదికెళ్లింది. "జిల్లా అంతా చేతులెత్తి దణ్ణం పెడుతుంది ఆవిడకి!"

"దణ్ణం పెడితే అంటుకుంటుందా కుంపటి?" అంది పెద్దింటమ్మ.

సారమ్మ హిల్డమ్మగారికేసి తిరిగింది, ఆవిడ ఎంత చిన్నబుచ్చుకున్నారోనని. పరీక్షలో తప్పిన పిల్లలా ఎర్రబడి ఉంది ఆవిడ మొహం, కాని కళ్లు మెరిసిపోతున్నాయి. "నాదే తప్పు పెద్దింటమ్మా. ఎలా కప్పాలో ఇంకోసారి చూపించు" అన్నారు. పెద్దింటమ్మ పక్క లంకకి దోనె పంపి నిప్పు తెప్పించింది. గొణుక్కుంటూనే ఊక ఎలా సర్దాలో, గాలి ఏ పక్కనుంచి వదలాలో చూపించింది. లేస్తూ, "ఇది ఒంటి మనిషి పని కాదు. మా ఆడపడుచుకి కూతురు తోడుండేది, ఇప్పుడు అత్తారింటికి పోయింది. ఒకళ్లు పడుకుంటే ఒకళ్లు మేలుకోవాలి. ఎవరినైనా చూసుకో" అనేసి పోయింది.

ఆ మధ్యాహ్నమే హిల్డమ్మగారు చెప్పేశారు. "ఇదే సారమ్మా. ఇక్కడే ఉంటాను. మిషను వాళ్లకి నువ్వు వెళ్లి చెప్పు."

సారమ్మ కోరుకున్నది ఇదే కదా, ఆవిడ ఈ దేశంలో ఉండిపోవడం. మరి గుండెల్లో ఈ బరువేమిటి? బొంబాయి ఓడ తప్పింది, సరే. గోడ అవతల ఉండాల్సిన మనిషి నీళ్లకి అవతల ఉండిపోతోంది. పండక్కో పబ్బానికో దోనెక్కి వచ్చి చూసి పోవాలి, వరండాలో అరటిగెలలు పట్టుకుని నిలబడేవాళ్లలా. సారమ్మ తన చీరలు సంచిలో కుక్కుకుంటూ, మాటవరసకి అన్నట్టు అడిగింది. "తోడు ఎవరిని పెట్టుకుంటారండీ?"

"చూడాలి" అన్నారు హిల్డమ్మగారు. అంతే. ఉండమని అంటారేమోనని సారమ్మ సంచి మూతి రెండుసార్లు విప్పి కట్టింది. ఆవిడ కుంపటికేసి చూస్తూ కూర్చున్నారు.

నాగమణిని కాసేపు కుంపటి దగ్గర కూర్చోబెట్టి హిల్డమ్మగారు రేవుదాకా వచ్చారు. సత్తిరాజు గెడ పోటేశాడు. దోనె బారెడు దూరం జరిగింది. ఆవిడ గట్టు మీద చెయ్యెత్తి నిలబడి ఉన్నారు, ఏమీ అడగకుండా. ఎందుకడగరు? ముప్ఫై అయిదేళ్లు 'అది పట్టుకురా, ఇది చెయ్యి' అన్న మనిషి, ఈ ఒక్క మాట ఎందుకనరు? సారమ్మకి అంతుపట్టలేదు. అంతుపట్టకపోతే ఊరుకోలేని మనిషి కదా.

"ఆపు సత్తిరాజూ" అంది. ఆగేదాకా కూడా ఆగలేదు. సంచి నెత్తిన పెట్టుకుని మోకాల్లోతు నీళ్లలోకి దిగిపోయింది. తెల్లచీర బురదలో ఈడ్చుకుంటూ గట్టు దగ్గరికొచ్చి నిలబడింది. భర్త పోయినప్పుడు కూడా ఎవరి ఆసరా అడగలేదు. ఇప్పుడు మాత్రం నెత్తిమీద సంచి దించకుండానే అడిగేసింది.

"అమ్మగారూ, మీ ఇంట్లో రెండు గదులున్నాయి. నాకొకటి ఇవ్వండి. యోసేపు నన్ను బాగానే చూస్తాడు, అందుకు కాదండీ. నాకు మీ దగ్గరుండాలనుంది."

హిల్డమ్మగారు వంగి చెయ్యందించారు. "నేను ఉండమంటే నువ్వు నర్సులా ఉండిపోయేదానివి సారమ్మా. నేను చెప్పాను గనక ఉండేదానివి. అందుకని నోరు కట్టేసుకున్నాను. నువ్వు వెళ్లిపోతున్నావనే అనుకున్నాను."

ఇద్దరు ముసలమ్మలూ గట్టు మీద ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఏడుస్తుంటే, దిబ్బ మీంచి పెద్దింటమ్మ కేకేసింది. "నాగమణి పిల్లకి పాలివ్వడానికి వెళ్లిపోయింది. మీరిద్దరూ అక్కడ నిలబడితే ఇక్కడ కుంపటి ఎవరు చూస్తారమ్మా?"